ఒకసారి లేచిన బానెట్

ఆ పసుపు దీపం మొదటిసారి వెలిగినప్పుడు నేను చిట్యాల దాటి రామన్నపేట రోడ్డు ఎక్కాను. ఏప్రిల్ నెల, బడి వదిలాక ఇంటికి వస్తున్నాను. స్టీరింగ్ వెనకాల ఉండే తెర మీద కారు ముక్కు బొమ్మ, దాని ముందు నడిచే మనిషి బొమ్మ కనిపించాయి. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు: పాదచారుల రక్షణ పనిచేయడం లేదు, వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. కారు మాత్రం ఎప్పటిలాగే నడుస్తోంది. చప్పుడు లేదు, కాలిన వాసన లేదు. పక్కకు ఆపి, ఇంజన్ ఆర్పి, మళ్లీ వెలిగించాను. దీపం పోలేదు.

నేను గవర్నమెంటు హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రామన్నపేటలో ఇల్లు. అమ్మ పోయినప్పటి నుంచి నాయిన నా దగ్గరే ఉంటున్నాడు. ఊళ్లో పెద్ద రైతుల దగ్గర నలభై ఏళ్లు పాలేరుగా జీతం ఉన్న మనిషి ఆయన. తన పేరు మీద గుంట భూమి లేకపోయినా నన్ను బీఎడ్ దాకా చదివించాడు. నా పెళ్లి నిలవలేదు, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. మోకాళ్లు అరిగి నాయిన బస్సు మెట్టు ఎక్కలేకపోయాక, ఆదివారం చర్చికీ నెలకోసారి నల్లగొండ దవాఖానకూ పోవడానికి కారు అవసరమైంది. నలభై మూడో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను.

కొన్నది పాత కారు. విదేశీ కంపెనీది, కొత్తగా ఉన్నప్పుడు నాలాంటి వాళ్లు దగ్గరికి కూడా పోలేనిది. హైదరాబాద్ శివారులో పాత బండ్లు అమ్మే ఒకతను చూపించాడు. "ఒక్క ఓనరు చెయ్యే మేడం. కొల్లాపూర్ సారుది. గీత గూడ పడలే," అన్నాడు. నాకు సహజంగానే నమ్మకం తక్కువ. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాను, తలుపులు తట్టి చూశాను, సీట్ల కింద చెయ్యి పెట్టి చూశాను. ముందు బంపర్ మీద మందపాటి ఇనుప గార్డు బిగించి ఉంది. "గిది ఉంటే మన రోడ్ల మీద మీకు ఫికర్ ఉండది," అన్నాడు. అంత అనుమానం ఉన్న నేను ఆ గార్డును చూసి మాత్రం సంబరపడ్డాను. అది ఏం దాస్తోందో ఆలోచించలేదు.

దీపం వెలిగిన రోజు ఇంటికి రాగానే కారు అరలో ఉన్న లావుపాటి పుస్తకం తీసి వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. అంతకు ముందు టైర్ల గాలి గురించి తప్ప దాన్ని తిప్పలేదు. నాయిన పక్క మంచం మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"ఏం రాసిర్రు బిడ్డా గండ్ల?"

"ఈ కారు ఎవరినన్న గుద్దితే, ఆ మనిషి తల ఇంజన్‌కు కొట్టుకోకుండ బానెట్ ఎనుక దిక్కు పైకి లేస్తదట నాయినా."

"లోపలున్నోళ్ల కోసమా?"

"కాదు. బయట నడిచేటోళ్ల కోసం."

నాయిన నూనె గిన్నె పక్కన పెట్టాడు. "నడిచేటోళ్ల గురించి సోచాయించి కారు జేసిర్రా? నేనైతే నమ్మ."

నేనూ వెంటనే నమ్మలేదు. కానీ చదివిన కొద్దీ అందులోని లెక్క నాకు అర్థమైంది. మనిషిని కారు గుద్దినప్పుడు మొదట తగిలేది కాళ్లు. కాళ్లు బంపర్ దగ్గర ఆగిపోతాయి, ఒళ్లు మడిచినట్టు బానెట్ మీదికి వాలుతుంది, తల ముందు అద్దం దగ్గరికి వచ్చి పడుతుంది. బానెట్ రేకు పల్చనిదే, దానికి ఒంగే గుణం ఉంది. ప్రమాదమంతా ఆ రేకు కింద వేలెడు దూరంలో ఉన్న ఇంజన్‌తోనే. రేకు ఒంగడానికి చోటు ఉండదు. అందుకని బంపర్ లోపల మెత్తటి దిమ్మె వెనకాల సెన్సర్లు పెట్టారు. తగిలింది మనిషి కాలు లాంటిదని అనిపిస్తే, అద్దం వైపు రెండు మూలల్లో ఉన్న గొట్టాలు పేలి, కన్ను మూసి తెరిచే లోపల బానెట్‌ను బెత్తెడు పైకి లేపుతాయి. రేకుకూ ఇంజన్‌కూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. మరీ నెమ్మదిగా పోతున్నప్పుడు లేవదు, మరీ వేగంగా పోతున్నప్పుడూ లేవదు. ఒక్కసారి లేస్తే ఆ గొట్టాల పని అయిపోయినట్టే, కొత్తవి వేయాలి. బంపర్ మీద గార్డులు బిగించవద్దని, బిగిస్తే సెన్సర్లకు దెబ్బ సరిగా తెలియదని పెట్టె కట్టి మరీ రాశారు. ఆ వాక్యం చదివి, వాకిట్లో నిలబడి ఉన్న కారు వైపు చూశాను. ఇనుప గార్డు ఎండకు మెరుస్తోంది.

మరునాటి శనివారం భువనగిరి తీసుకెళ్లాను. కోట గుట్ట ఎదురుగా కనిపించే రోడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. హైదరాబాద్‌లో పెద్ద షోరూములో పదేళ్లు చేసి, భువనగిరి జిల్లా అయ్యాక సొంత ఊరికి వచ్చి షెడ్డు వేసుకున్నాడు. వైరు తగిలించి తన మిషన్లో ఏదో చూశాడు. తర్వాత కారు ముందుకు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గీ గార్డు ఎవరు పెట్టిచ్చిండ్రు మేడం?"

"కొన్నప్పుడే ఉండె."

"ఇప్పుద్దాం. దీని ఎనుక ఏమున్నదో చూడాలె."

గార్డు ఊడదీశాక బంపర్ ఎడమ పక్కన రంగు మరో రకంగా కనిపించింది. పక్కనున్న తెలుపు కంటే అర పిసరు పచ్చగా ఉంది. బంపర్ విప్పి తిప్పితే లోపల పగులును వేడి చేసి అతికించిన గీత ఉంది. మెత్తటి దిమ్మె అసలు లేనే లేదు. అప్పుడతను బానెట్ ఎత్తి, రెండు మూలలా టార్చి వేసి చూపించాడు. గొట్టాల తలలు నల్లగా మాడి ఉన్నాయి. వాటిని నొక్కి, కిందికి కూర్చోబెట్టి, బోల్టులు బిగించారు. వాటికి పోయే వైరు కొసన, టేపు చుట్టి, ఒక చిన్న రెసిస్టర్.

నేను రోజూ పిల్లలకు చూపించే వస్తువు అది. మూడు రంగుల గీతలతో, గోరంత. గొట్టాలు బాగానే ఉన్నాయని కారు మెదడును నమ్మించడానికి దాన్ని పెట్టారు. ఎండకు టేపు వదులై అతుకు ఊడింది కాబట్టి దీపం వెలిగింది. ఊడకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

"ఇది ఒకసారి లేచింది మేడం," అన్నాడు మెకానిక్.

"మనిషే తగిలిండంటవా?"

"ఎట్ల చెప్తం? కుక్క తగిలినా లేస్తది, పంది తగిలినా లేస్తది. కట్టెకు గుద్దినా లేస్తది."

అతని మాట మీద కూడా నాకు అనుమానమే. సామాన్లు అమ్ముకోవడానికి చెబుతున్నాడేమో అనుకున్నాను. ఫొటోలు తీసుకుని, సోమవారం నల్లగొండలో ఇంకో మెకానిక్‌కు, ఏమీ చెప్పకుండా చూపించాను. "పేలినయి మేడం ఇవి," అని చూడగానే అన్నాడు. తర్వాత నేనే ఒక సాయంత్రం బానెట్ లోపలి వైపు చేత్తో తడిమాను. అద్దానికి దగ్గరగా, ఎడమ వైపు, రేకు మీద చిన్న చిన్న సుత్తి గుర్తులు వేళ్లకు తగిలాయి. పైకి నున్నగా రంగు వేశారు, లోపల మాత్రం అట్లాగే వదిలేశారు. కుక్కా పందీ పొట్టి కాళ్లవి. గుద్దితే కిందికి పోతాయి గానీ అంత పైకి వచ్చి పడవు. నా వేళ్లు ఉన్న చోటు, పుస్తకంలో తల బొమ్మ వేసి చూపించిన చోటు.

నాయినకు చెప్పాను.

"ఎవరో పడ్డరు బిడ్డా దీని మీద," అన్నాడు. "ఉన్నరో పోయిండ్రో."

రిజిస్ట్రేషన్ కాగితాల మీద పాత ఓనరు ఫోను నంబరు దొరికింది. కొల్లాపూర్‌లో మామిడి తోటలున్న రైతు, కాంట్రాక్టు పనులు కూడా చేస్తాడట. ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"సార్, మీ పాత కారు కొన్న టీచర్‌ను. దానికి ముందర ఎప్పుడన్న ఏమన్న తగిలిందా అని అడుగుదామని."

"ఏం తగల్లే అమ్మా. పువ్వు లెక్క చూసుకున్న."

"బానెట్ ఒకసారి లేచిందట సార్."

"ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు.

నేను అడిగింది లేచిందా అని. ఆయన అడిగింది ఎవరు చెప్పారు అని. ఇరవై ఏళ్లుగా క్లాసులో వింటున్న జవాబు అది. కిటికీ అద్దం పగలగొట్టింది నువ్వేనా అంటే పిల్లలు ఇచ్చే జవాబు.

"మెకానిక్ చెప్పిండు సార్."

"ఆ, అడివి పంది. అమ్రాబాద్ దిక్కు పోతుంటే అడ్డమొచ్చింది. గంతే." ఫోను పెట్టేశాడు.

రెండు వారాలు ఆ కారును బయటికి తీసినప్పుడల్లా నా చూపు రోడ్డు అంచునే ఉండేది. రోడ్డు పక్కన నడిచే ప్రతి మనిషినీ చూసి, వీళ్లలాంటి మనిషే దీని మీద పడి ఉండాలి అనుకునేదాన్ని. తలమీద గడ్డిమోపు ఉన్న ఆడవాళ్లను చూస్తే పూర్తిగా ఆపేసేదాన్ని. వెనకనుంచి లారీలు హారన్ కొట్టేవి. ఆ అనుమానం పట్టుకుని బతకడం కంటే తెలుసుకోవడమే నయమనిపించింది. అమ్మినతను నాకు ఒక్క తాళం చెవే ఇచ్చాడు. రెండోది అడగడానికి వచ్చామని చెప్పొచ్చు. వేసవి సెలవులు మొదలైన వారం, నాయినను పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నే బయలుదేరాను. నల్లగొండ, దేవరకొండ, డిండి మీదుగా కొల్లాపూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఊరి చివర తోటను ఆనుకుని ఇల్లు. ఆయన ఎదురొచ్చి నాయినకు చెయ్యి ఆసరా ఇచ్చాడు. చల్ల ఇప్పించాడు. బేనిషాన్ మామిడి పండ్లు కోయించి పెట్టాడు. చెడ్డ మనిషిలా లేడు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది. తాళం చెవి మాట ఎత్తగానే, అడక్కుండానే పంది సంగతి తనే మొదలుపెట్టాడు. "సోమశిల రోడ్డు మీద, మూలమలుపు కాడ," అన్నాడు. ఫోనులో అమ్రాబాద్ అన్నాడు. నాయిన నా వైపు ఒకసారి చూసి పండు ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

తాళం చెవి వెతకడానికి ఆయన లోపలికి వెళ్లాడు. అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి ఉన్న ఆయన భార్య దగ్గరికి వచ్చింది. నా వయసే ఉంటుంది.

"పంది గాదు టీచర్ గారు," అంది మెల్లగా.

"మరి?"

"నేనే నడిపిన. నేర్చుకుంటున్న అప్పుడు. పెద్దకొత్తపల్లి ఇవుతల ఒకామె పల్లికట్ట ఎత్తుకొని అడ్డమొచ్చింది. మేమే దవాఖానల చేర్పించినం. బతికింది. నా పేరు బయటపడొద్దని ఆయన పంది అని చెప్తడు." ఆ మనిషి ఊరి పేరు కూడా చెప్పింది.

"మళ్ల పోయి చూసిండ్రా ఆమెను?"

లోపలి నుంచి చెప్పుల చప్పుడు వినిపించగానే ఆమె చల్ల గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

తాళం చెవి దొరికింది. దండాలు పెట్టి బయటపడ్డాం. కారెక్కగానే నాయిన, "పోదాం పా బిడ్డా, చూద్దాం," అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

ఊరి మొదట్లో కిరాణా కొట్టు దగ్గర ఆగి, ఏమని అడగాలో తెలియక, "కారు తగిలినామె ఇల్లు ఎక్కడ?" అన్నాను. కొట్టు ఆయన వెంటనే చెయ్యి చూపించాడు. రేకుల షెడ్డు కింద ఒక అరవై ఏళ్ల మనిషి ఎండు పల్లికాయలు చేటలో పోసి ఏరుతోంది. మా కారు సందు మలుపు తిరగడం చూసి చేట అక్కడే పెట్టి లేచింది. కుడి కాలు ఈడుస్తూ గోడ చాటుకు పోయింది.

"గా కారును నా ఇంటి ముందల పెట్టకుండ్రి," అని గోడ వెనక నుంచి అంది.

కారును వెనక్కి తీసి, ఊరి బయట వేపచెట్టు దగ్గర పెట్టి నడిచి వచ్చాం. నాయిన కర్ర పోటేసుకుంటూ ముందు వెళ్లాడు.

"చెల్లె, మేం గుద్దినోళ్లం గాదు. కొన్నోళ్లం."

"గట్లయితే నాతోని ఏం పని? ఏమన్న కాయిదం మీద ఏలుముద్ర గావాల్నా?"

"ఏం వద్దు. నీకు ఎట్లున్నదో చూద్దామని వచ్చినం."

ఆమె మమ్మల్ని కిందా మీదా చూసింది. మాటకంటే నాయిన మోకాళ్లను ఎక్కువసేపు చూసినట్టుంది. చివరికి కూర్చోమని గోనెసంచి పరిచి, తను మళ్లీ చేట ముందు కూర్చుంది. నాయినే అడిగాడు, ఏం జరిగింది చెల్లె అని.

"పొద్దుగాల పల్లి పీకిచ్చి, కట్ట ఎత్తుకొని రోడ్డు దాటుతున్న. ఎటుకెళ్లి వచ్చిందో వచ్చింది. కాలుకు తాకింది ఎరుకనే. దాని మీద పడంగనే ఠప్పుమని తుపాకి పేలినట్లు పేలి, నోరు తెరిసింది."

"ఏం తెరిసింది?"

"గా కారే. పైన రేకు లేసింది. నన్ను మింగనీకె నోరు తెరిసిందనుకొంటి. మావోళ్లకు చెప్తే నగిండ్రు. నా కొడుకు, తలకు తాకినందుకు అమ్మ గట్ల మాట్లాడుతాందన్నడు. దవాఖానల డాక్టరు గూడ గదే అన్నడు. ఇగ ఎవ్వరికి చెప్పుడు బంజేసిన. లోపలున్నోళ్లు ఏదో మీట నొక్కి నన్ను అవుతల పారేయనీకె చూసిండ్రని నా మనసుల ఉంది."

నేను పక్కకు జరిగి ఆమెకు ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు చూసింది నిజమే అమ్మా. అది లేచింది. లేచిన గుర్తులు నేను కండ్లార చూసిన."

ఆమె ఏరుతున్న చెయ్యి ఆగింది. "నిజంగనే లేసిందా?"

"నిజంగనే లేచింది."

"మరి మావోళ్లు లేదన్నరు."

"వాళ్లకు తెల్వక అన్నరు."

ఆమె చేటను పక్కకు నెట్టింది. అన్ని సంవత్సరాలు తన తలే చెడిందని అందరూ చెబితే ఒక్కతే దాచుకున్న మాట అది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితె మీట నొక్కిండ్రన్న మాటనే," అంది.

మీట కాదని చెప్పడానికి నాకు బడి గుర్తొచ్చింది. చేటను ఖాళీ చేసి బండ మీద పెట్టి, పిడికిలితో గుద్దమన్నాను. ఆమె గుద్దలేదు. నాయిన గుద్ది, చెయ్యి విదిలించుకున్నాడు. చేట ఒక అంచు కింద రెండు పిడికిళ్ల పల్లికాయలు పోసి పైకెత్తి, మళ్లీ గుద్దమన్నాను. ఈసారి చేట ఒంగింది, చేతికి నొప్పి తెలియలేదు. కింద ఉన్నది ఇంజన్ అనుకో, చేట పైన రేకు అనుకో, నీ తల కింది ఇనుముకు తగలకుండా రేకును దానంతటదే లేపే ఏర్పాటు ఉంది, ఎవరూ నొక్కలేదు అని చెప్పాను. ఆమె ముందుకు వంగి, తనే చేటను రెండు మూడుసార్లు నొక్కి చూసింది.

"అయితె నన్ను కాపాడనీకె లేసిందంటవు."

"అవునమ్మా."

"కాపాడేటిది గుద్దుడెందుకు?"

నడిపేవాళ్లు చూసుకోకపోతే అది చివరి ఆసరా అన్నట్టు ఏదో అన్నాను. "పాపం ఆమె కూడా అప్పుడే నేర్చుకుంటుండెనట," అని కలిపాను.

"ఏ ఆమె?"

"నడిపినామె."

"ఆడామె పక్కకు కూసున్నది. నడిపింది మొగాయన. చెవికాడ ఫోను ఉండె."

నాయినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమె అంతటితో ఆ సంగతి వదిలేసింది. "సూపెట్టు గా కారును," అని లేచింది.

వేపచెట్టు దాకా ముగ్గురం మెల్లగా నడిచాం. ముగ్గురిలో చక్కటి కాళ్లున్నది నాకొక్కదానికే. ఆమె కారు ముందుకు రాలేదు, పక్కనే నిలబడింది. నేను బానెట్ ఎత్తి, మాడిన గొట్టాలు చూపించాను. చాలాసేపు చూసి, చెయ్యి జాపి ఒకదాన్ని వేలితో తాకింది.

"గిదేనా?"

"గిదే."

"ఇప్పుడు ఎవరన్న పడితె లేస్తదా?"

"లేవదు. ఒక్కసారే లేస్తది. కొత్తయి పెట్టిచ్చాలె."

"మరి పెట్టియ్యకుండనే గింత దూరం తోల్కొని వచ్చినవా?"

ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఎవరు చేశారో పట్టుకోవాలని రెండు జిల్లాలు దాటి వచ్చిన నేను, దారి పొడుగునా ఎంతమంది పక్కనుంచి ఆ కారును తోలుకొచ్చానో అప్పటిదాకా లెక్కలోకే తీసుకోలేదు. వెనక్కి వెళ్లేటప్పుడు ఊళ్లు వచ్చిన చోటల్లా సైకిలు వేగంతో నడిపాను. నాయిన ముందు సీట్లో ముందుకు వంగి, "మనిషి, ఎడమకు. ఇద్దరున్నరు, ఆపు," అంటూ చెబుతూ వచ్చాడు.

రెండు రోజుల తర్వాత కొల్లాపూర్ ఇంటికి ఫోను చేశాను. అదృష్టం కొద్దీ ఆయన భార్యే ఎత్తింది.

"నడిపింది మీరు కాదట గదా."

"ఆమెకు తల తిరిగింది గదా టీచర్ గారు. గా హడలుల ఏం కనపడి ఉంటది?"

"బానెట్ లేచింది కనపడ్డదమ్మా. అది నిజమే అయింది."

ఆమె ఫోను పెట్టేసింది. తర్వాత ఆ నంబరు మళ్లీ ఎప్పుడూ కలవలేదు. భర్త కోసం నింద తన మీద వేసుకుందా, వేసుకోమని ఆయన చెప్పాడా, లేక మేం నడవలోకి రాగానే ఇద్దరూ కలిసి అనుకున్నారా అని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆయన తాళం చెవి కోసం అంతసేపు లోపల ఎందుకు ఉన్నాడు అని కూడా. పోలీసు స్టేషన్‌కు పోదామా అని ఆ పల్లికాయల ఆమెను అడిగించాను. అప్పట్లో తను జారి పడిందని కొడుకే దవాఖానలో రాయించాడనీ, ఇప్పుడు వాణ్ని ఇబ్బంది పెట్టొద్దనీ కబురు పెట్టింది.

కారు భువనగిరి షెడ్డులో వదిలాను. మెకానిక్ మొదట సులువు దారి చెప్పాడు. "కొత్త రెసిస్టర్ పెడితే దీపం పోతది మేడం. గా గొట్టాలు దొరకనీకి చానా దినాలు పడ్తది. ఎవరు చూడొచ్చిండ్రు?" వద్దన్నాను. రెండు నెలలు పట్టింది. అన్ని రోజులూ నాయినా నేనూ చర్చికి ఆటోలో పోయాం. కొత్త సామాన్ల పెట్టెలు వచ్చిన రోజు సెలవు పెట్టి వెళ్లాను. సీలు నా ముందే తీయించాను. పెట్టె మీది నంబర్లు పుస్తకంలో చూసుకున్నాను. బంపర్ లోపల కొత్త దిమ్మె పెట్టడం, సెన్సర్ల వైర్లు తగిలించడం దగ్గరే నిలబడి చూశాను. మాడిన పాత గొట్టాలు ఇంకో కారులోకి పోకుండా నాకే ఇమ్మన్నాను. ఆ రెసిస్టర్ నా చేత్తో నేనే కత్తిరించాను.

"నన్ను గూడ నమ్మరా మేడం?" అని మెకానిక్ నవ్వాడు.

"నమ్మను," అన్నాను. అతను ఏమీ అనుకోలేదు. మిషన్ తగిలించి, తెర నా వైపు తిప్పి, తప్పులేమీ లేవని చూపించాడు. ఇనుప గార్డు తీసుకుపోతారా అని అడిగాడు. పాత ఇనుములో వేయమన్నాను.

అక్టోబర్‌లో, వానలు తగ్గాక, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆ పల్లికాయల ఆమె. కోడలి ఫోను అట.

"పెట్టిచ్చినవా బిడ్డా?"

"పెట్టిచ్చిన అమ్మా. ఇప్పుడు లేస్తది."

"మంచిగ జేసినవ్," అంది. "ఒకటడుగుత. మా ఊరి మీదికెళ్లి పొయ్యే బస్సుకు ఉంటదా గట్లాంటిది?"

"ఉండదమ్మా."

"లారీకి?"

"లేదు."

"ట్రాక్టర్‌కు?"

"దానికి గూడ లేదు."

"మరి పొద్దంత మా రోడ్డు మీద తిరిగేటియి గవే గద."

రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేటట్టు నడవమని చెప్పాను. తమ చెలక పొలం ఎడమకు ఉందనీ, ఎక్కడో ఒక్కచోట దాటక తప్పదనీ అంది. అయితే దాటే ముందు నడిపేవాళ్ల ముఖం చూడు, వాళ్లు నిన్ను చూశారని తెలిసినాకనే అడుగు వెయ్యి అన్నాను.

"గా దినం గూడ చూసిన బిడ్డా," అంది. "నన్ను చూసిండనే అనుకొంటి."

వెనక నుంచి కోడలు పిలుస్తోంది. పత్తి ఏరనీకె పోవాలని చెప్పి ఆమె ఫోను పెట్టేసింది.